పన్నెండో వరసకు ఇద్దరు మనుషులు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లేదని నా గట్టి నమ్మకం. (తెలిసింది కొంచెమే కనుక నమ్మకానికి చోటు ధారాళంగా ఉండేది.) సూరత్‌లో రైల్వే ఉద్యోగి కొడుకుగా పెరిగి, చదువు ముగించి, ఖటోదరాలో ఒక మరమగ్గాల కార్ఖానాలో చేరాను. పనివాళ్ళు ఫోన్‌లోనే హాజరు వేసుకునేలా వెబ్‌సైట్ రాయమన్నారు సేఠ్‌గారు. రాశాను. అంతటితో ఊరుకోక, ఒకే పేరుతో రెండో ఫోన్ లాగిన్ అయితే మొదటి ఫోన్ బయటికి పోయేలా ఆరు లైన్లు అదనంగా చేర్చాను. దొంగ హాజర్లు అరికట్టేశానని అమ్మ దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నాను. పాపం, ఆవిడ పొయ్యి మీద పప్పు మాడుతున్నా విన్నది.

వారం తిరగకుండానే పన్నెండో వరస మగ్గాలకు హాజరు పడటం లేదని మేస్త్రీ వచ్చి చెప్పాడు. ఆ వరస నడిపేది డిండోలిలో ఉండే మీసాల మామ, కరీంనగర్ వైపు మనిషి. మూడు రోజులు హాజరు లేకపోతే మగ్గాలు ఇంకొకరికి ఇచ్చేస్తారు. అప్పటికే రెండు గడిచాయి. పాస్‌వర్డ్ సరిగ్గానే ఉంది, లోపలికి రానిస్తోంది, తీరా హాజరు నొక్కేలోగా మళ్ళీ లాగిన్ చేయమంటోంది. సర్వర్ గడియారాన్ని అనుమానించాను, కుకీలను అనుమానించాను, సెషన్ ఫైళ్ళన్నీ తుడిచేశాను (దాంతో మిగతా అందరూ కూడా బయటపడి నన్ను తిట్టిపోశారు).

మూడో రోజు పొద్దున్నే షెడ్డుకే వెళ్ళాను. పన్నెండో వరస దగ్గర మీసాలే లేని మనిషి నిలబడి ఫోన్ నొక్కుతున్నాడు. ఆయన మామకు తోడల్లుడట. మామ కూతురి కాన్పుకని ఊరెళ్ళాడట. వెళ్ళినవాడి పేరు మీద చుట్టం బదులుగా నిలబడటం అక్కడ ఎప్పటినుంచో ఉన్నదేనట, సేఠ్‌గారికీ తెలుసట. తెలియంది నాకొక్కడికే. అంతలో ఊరినుంచి మామ ఫోన్ చేశాడు. హాజరు పడిందో లేదోనని పొద్దున లేచింది మొదలు ఆయన తన ఫోన్‌లో లాగిన్ అయి చూస్తూనే ఉన్నాడట, బయటికి నెట్టినప్పుడల్లా మళ్ళీ లోపలికొస్తున్నాడట. అయ్యో రామా, ఆయన చూస్తున్నందుకే హాజరు పడటం లేదు.

ఫోన్ నేను తీసుకుని, పన్నెండో నంబరు మీరా, ఈయనా అని కాస్త కటువుగానే అడిగాను.

"సాంచాల కాడ ఎవ్వలు నిలబడ్తే గాళ్ళే పన్నెండు, బిడ్డా. నేనీడికెల్లి జర సూస్తున్న, గంతే."

(సాంచాలంటే వాళ్ళ వైపు మరమగ్గాలే.) ఓ పది నిమిషాలు చూడకండి మామా అని బతిమాలాను. హాజరు పడింది. ఆ ఆరు లైన్లూ ఆ పూటే తీసేసి, తప్పు నాదేనని సేఠ్‌గారికి చెప్పాను (ఇంకెవరిదని చెప్పను మరి).

పక్షం తర్వాత మామ తిరిగొచ్చాడు. మనవరాలు పుట్టిందని నా చేతిలో లడ్డూ పెట్టి, "నా వల్ల నీకు తక్లీఫ్ అయింది, ఏమనుకోకు బిడ్డా" అన్నాడు. ఆయన మగ్గాలు పోగొట్టబోయింది నేను, ఏమనుకోవద్దన్నది ఆయన. నేనేమో పోనీలెండి అన్నట్టు పెద్దమనిషిలా తలూపాను కూడా! ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. నాలోని ఆనాటి కుర్రాణ్ణి మాత్రం చెవి పట్టుకుని తీసుకెళ్ళి ఆయన ముందు నిలబెట్టాలనిపిస్తుంది.