పెట్టెలో పట్టని చీరలు

మా మేనత్త చనిపోయిందని భవాని పేట్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను పత్రికాఫీసులో ఇంకెవరిదో మరణవార్త దిద్దుతున్నాను. దిద్దడం ముగించి, ఒక చీర కొనుక్కుని బయల్దేరాను. చనిపోయిన ఆడమనిషికి పుట్టింటివాళ్లు చీర కప్పడం మా నేతవాళ్ల ఆచారం. అత్త యేసును నమ్ముకున్నాక కూడా ఆ హక్కు మాదేనని నా లెక్క. పిల్లలు లేని ఆమెకు అన్న కొడుకుని, నేనే దగ్గరివాణ్ని.

అత్త బీడీలు చుట్టేది. మామ పోయాక ప్రార్థనకు వెళ్లడం మొదలుపెడితే, ఎదురింటామె కుళాయి దగ్గర అత్త బిందెను కాలితో పక్కకు నెట్టింది. కొన్నాళ్లకు ఆ ఎదురింటామెకే కుడిచెయ్యి పడిపోయింది. బీడీలు అప్పగించకపోతే కార్ఖానాలో పేరు కొట్టేస్తారు. అత్త తన పని అయ్యాక ఆమె వంతు కూడా చుట్టి పంపేది. పొద్దున ఆమెకు అన్నం కలిపి తినిపించేది.

నేను ఆదివారాలు వెళ్లేవాణ్ని. అత్త ఒళ్లో చేట, చేటలో ఎదురింటామె వంతు బీడీల ఆకు.

"నేనొచ్చిన అత్తా. జర చేట పక్కకు వెట్టు."

"చెవులు ఖాలీగనే ఉన్నయ్ కదరా. చెప్పు."

"నీ బిందె నెట్టినామెకు గింత సేవ. మరి నాకేంది?"

అత్త నవ్వింది. "నిన్ను ప్రేమించెతందుకు నాకు ప్రార్థన అక్కర్లేదురా. ఆమె కోసమైతే రోజూ మోకాళ్ల మీద ఉండి దేవుణ్ని అడగాలె. ఉత్తగనే వస్తదనుకున్నవా?"

ఆ మాటకు నేను సంతోషపడాల్సింది. నా కోసం ఆమె ఒక్కనాడూ మోకాళ్ల మీద ఉండలేదన్నదే మనసులో నిలిచింది.

ప్రేమ గురించి అత్త ఎవరికైనా బోధించగా నేను వినలేదు. వాడలో ఎవరికి జ్వరమొచ్చినా గంజి మాత్రం ఆమె ఇంటినుంచే వెళ్లేది.

నేను వెళ్లేసరికి శవపెట్టె నిండా చీరలున్నాయి. ఆమెకు ఎవరూ లేరు కదా, పుట్టిల్లు మనమే అని వాడలో ఆడవాళ్లు ఎవరికి వారు అనుకుని తెచ్చారు.

"అమ్మా, ఇన్నిటితో మూత పడదు. ఒక్కటి ఉంచండి" అన్నారు పాస్టరుగారు.

"మేనల్లుడు వచ్చిండు. హక్కు ఆయనది. అందరు తీయుండ్రి" అన్నాడు వాడ పెద్ద.

ఆడవాళ్లు ఎవరి చీర వాళ్లు తీసుకున్నారు. ఎదురింటామె తీయలేదు.

"నువ్వు ఆదివారం మనిషివి తమ్మీ. రోజూ ఎదురుంగ ఉన్నది నేను. ఆమెకు తల్లిగారిల్లు నాదే."

కుళాయి సంగతి నా నోటిదాకా వచ్చింది. అందరూ నన్నే చూస్తున్నారు. రక్తసంబంధం నాది, నిజమే. ఆమె అన్నదీ నిజమే. ఆమె ఎడమచేత్తో చీర పరవబోతోంది. ఒక్క చేతికి అది సరిగా పరుచుకోవడం లేదు. నేను వంగి రెండో కొస పట్టుకుని సర్దాను. నా చీర సంచిలోనే ఉంచేశాను.

మూత వేశాక ఆమె చీర ఎర్రటి అంచు కొంచెం బయటే ఉండిపోయింది. పాస్టరుగారు లోపలికి నెట్టారు. బండి కొంతం చౌక్ దాటేసరికి అది మళ్లీ బయటికొచ్చి గాలికి కదులుతోంది. వెనక నడుస్తున్నంతసేపూ నా చూపు దాని మీదే ఉంది. ఆ అంచు మా ఇంటిది కాదు.