రూహీ అంటే పొమ్మనే అనుకున్నాను

కువైట్‌లోని ఫహాహీల్‌లో ఒక ముసలామెను చూసుకునే పనిలో చేరినప్పుడు నాకు వచ్చిన అరబ్బీ నాలుగు మాటలు. అందులో ఒకటి ‘రూహీ’. ఆడవాళ్లను వెళ్లమనడానికి ఆ మాట అంటారని ఏజెంటు చెప్పి పంపాడు. ఇంటి యజమానురాలిని మామా అంటాం కాబట్టి, ఆమె తల్లి అయిన ఈ ముసలామె నాకు పెద్ద మామా అయింది.

కాళ్లకు నూనె రాస్తే పెద్ద మామా ‘రూహీ’ అనేది. దిండు సర్దితే ‘రూహీ’. అన్న మరుక్షణం నేను గది బయట ఉండేదాన్ని. కాసేపటికి మళ్లీ కేకేసేది. ఒకరోజు ఖర్జూరం గింజ తీసి నోటికందిస్తే కూడా అదే మాట. ఈమెకు నా మొహమే గిట్టదనుకుని వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

టైలర్ షాపులో పనిచేసే కోనసీమ అక్క, సెలవుండే శుక్రవారాలు తన గదిలో నలుగురికి బైబిల్ చదివి వినిపించేది. మా ఇంటి దేవుడు వెంకన్న. నేను వెళ్లేది ఆమె వండే రొయ్యల ఇగురు కోసం. ఆ సంగతి అక్కకూ తెలుసు. అందుకే చదువు అయ్యేదాకా గిన్నె మూత తీసేది కాదు.

ఆ వారం ఎండిన ఎముకల లోయ కథ. ఎముకలు అతుక్కుని, కండ పట్టి కూడా శవాల్లాగే పడి ఉన్నాయట. నాలుగు దిక్కుల నుంచి ఊపిరి వచ్చి దూరాక లేచి నిలబడ్డాయట.

“గాలన్నా, ఊపిరన్నా, దేవుడి ఆత్మన్నా హీబ్రూలో ఒకటే మాట, రూఅహ్. ఇక్కడోళ్ల రూహ్ దానికి చుట్టమే” అంది అక్క.

నేను రొయ్యలు మరిచిపోయాను. “అది పొమ్మని కదక్కా? మా పెద్ద మామా దినామూ నన్ను రూహీ అంటాది.”

“ఎప్పుడంటుందే?”

“కాళ్లు పిసికినప్పుడు, తిండి పెట్టినప్పుడు.”

“అప్పుడు నువ్వేం చేస్తున్నావు?”

“ఏం జేస్తా? పోతాండా.”

అక్క నవ్వు పట్టలేక పుస్తకం మూసేసింది. “ఓసి పిచ్చిదానా! నా ప్రాణమా అని కూడా అర్థమే. ఆవిడ ముద్దు చేస్తుంటే పారిపోతున్నావా?”

మర్నాడు పొద్దున పెద్ద మామా ‘రూహీ’ అనగానే నవ్వుతూ మంచం పక్కనే కూర్చున్నాను. మళ్లీ అంది. ఇంకాస్త దగ్గరికి జరిగాను. మూడోసారి అరిచింది. అప్పుడు చూశాను, ఆమె వేలు తలుపు వైపు ఉంది. బయట ఎవరో బెల్లు కొడుతున్నారు.

“మరి ఆ పుస్తకంలో యాడ గాలో, యాడ ఆత్మో ఎట్ల తెలుస్తాది?” అని తర్వాతి శుక్రవారం అక్కను నిలదీశాను.

“ముందూ వెనకా ఏముందో చూసుకోవాలి. సృష్టి మొదట్లో నీళ్ల మీద అల్లాడింది గాలని కొందరు, దేవుడి ఆత్మని కొందరు. పెద్ద చదువులు చదివినోళ్లకే తేలలేదమ్మా.”

నాకు ప్రాణం కుదుటపడింది. తికమకపడింది నేనొక్కదాన్నే కాదు.

మాటలు కాస్త వచ్చాక, నేను ఎందుకు లేచి వెళ్లిపోయేదాన్నో పెద్ద మామాకు సైగలతో సహా చెప్పాను. ఆమె ఊపిరాడనంతగా నవ్వి, దగ్గి, నా చెయ్యి పట్టుకుంది. చప్పుడు విని మామా పరుగెత్తుకొచ్చింది. తల్లికి ఏమైందోనని కంగారుగా నన్ను అడుగుతుంటే, నవ్వాపుకోలేక నేనూ ఆ మంచం మీదే కూలబడ్డాను.