శ్లాబు మీద గురుగులు

ధనలక్ష్మి మేస్త్రుల దగ్గర మాలు మోసి బతికిన మనిషి. పుట్టింది లక్డారంలోనే, అదే ఊరి శ్రీశైలానికి ఇచ్చి చేశారు. పటాన్‌చెరు చుట్టుపక్కల లేచిన ఎన్నో ఇళ్లకు ఆమె నెత్తి మీది తట్టలోంచే కాంక్రీటు వెళ్లింది. ఇంత పని చేసిన మనిషి, ఎండాకాలం మధ్యాహ్నం తన ఇంట్లో తాను నిలవలేకపోయేది.

ఇల్లు చిన్నది. సిమెంటు ఇటుకల గోడలు, రెండు గదులు, పైన శ్లాబు. శ్లాబు నాలుగు మూలలా పిల్లర్ల సలాకలు ఛాతీ ఎత్తున నిలబడి ఉండేవి. ఈ వైపు ఇల్లు కట్టినవాళ్లు సలాకలు కోయరు. రేపో మాపో పైన ఇంకో అంతస్తు వేస్తామని వదిలేస్తారు. ఎలాగూ గదులు వస్తాయి కదా అని శ్లాబుకు ఏ పూతా వేయరు. చాలా ఇళ్లు అట్లాగే బోడిగా ఏళ్ల తరబడి ఎండుతుంటాయి.

ఈ ఇంటి పై అంతస్తు శ్రీశైలం తమ్ముడు చంద్రకాంత్ కోసం అనుకున్నది. అతను పెళ్లి కాకముందే పోయాడు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి, పగలంతా ఆ శ్లాబు కింద దొర్లి, నిద్ర లేకుండానే మళ్లీ బండెక్కేవాడు. ఒక పొద్దున డ్యూటీ దిగి వస్తూ బొంబాయి రోడ్డు మీద ఆగి ఉన్న లారీకి గుద్దుకున్నాడు. ఆ తర్వాత కూడా తల్లి ముత్యమ్మ, వానలు వెనకపట్టగానే పైకెక్కి సలాకలకు సిమెంటు పాలు పూస్తూనే ఉంది, తుప్పు పట్టకుండా.

పోయిన ఎండాకాలం శ్రీశైలానికీ రాత్రి డ్యూటీ పడింది. ఫ్యాక్టరీలో రేకులు నొక్కే ప్రెస్సు మీద పని. పొద్దున వచ్చి తిని పడుకుంటే, ఎండ ముదిరేసరికి ఫ్యాను కొట్టేది వేడిగాలే. కూలరు పెడితే ఒకే కిటికీ ఉన్న గదిలో ఉక్క, ఒళ్లంతా జిగట. ఒకరోజు ఇంటికొచ్చి చెప్పులైనా విడవకుండా గడప మీద కూర్చుండిపోయాడు.

"ఏమైంది?" అంది ధనలక్ష్మి.

"కండ్లు మూతవడ్డయి. చెయ్యి ప్రెస్సు కిందనే ఉన్నది. పక్క మిషిన్ బీహారాయన కాలర్ వట్టి గుంజిండు."

ఆమె అతని చేతుల వైపు చూసింది.

ఆరోజే తట్టతో మట్టి పైకి మోసింది. కొత్త శ్లాబును తడిపేటప్పుడు చేసినట్టే గట్లు పోసి, మడులు కట్టి నీళ్లు నింపింది. ఆమె చేతికి అలవాటైన పని అది. గది చల్లబడింది. శ్రీశైలానికి నిద్ర పట్టింది. కానీ అది కొత్త శ్లాబు కాదు. కొద్దిరోజులకు సలాకల మొదళ్ల నుంచి నీళ్లు దిగి, అతని మంచం పక్కనే కప్పు పెచ్చు ఊడిపడింది. లోపలి ఇనుము ఎర్రగా తుప్పు పట్టి కనిపించింది.

ఆమెకు పని ఇచ్చే పెద్దరాములు మేస్త్రి వచ్చి పైకెక్కి చూశాడు.

"ఏం చెల్లె, శ్లాబు మీద వరి నాటుదామనుకున్నవా?"

"నవ్వులాట గాదన్నా. ఆయనకు నిద్ర గావాలె. ఏం జేద్దమో చెప్పు."

"పోతిరెడ్డిపల్లిల పాత ఇల్లు కూలగొట్టినం, యాదున్నదా?"

ఆమెకు యాదుంది. ఆ ఇల్లు కూల్చినన్నాళ్లూ కూలీలంతా సద్దులు విప్పింది దాని నడిమి గదిలోనే, చల్లగా ఉంటుందని. మిద్దె పగలగొడితే సున్నంలో బోర్లించిన గురుగులు, చిన్న చిన్న మట్టి ముంతలు, వరసలుగా బయటపడ్డాయి. ఖాళీ గురిగిలో గాలి తప్ప ఏమీ ఉండదు. ఎండ వేడి ఆ గాలి దాటి అంత త్వరగా కిందికి దిగదు.

"అట్ల పరుద్దం. ఈ శ్లాబు బరువు తట్టుకోవాలె గాబట్టి చిన్న గురుగులే. తుప్పు గీకి ముందుగాల ఇది బాగు జేద్దం. కానీ సలాకలు కోసి మొదళ్లు మూసెయ్యాలె, లేకుంటే మల్ల నీళ్లు దిగుతయి. ఇగ మీది ఇల్లు లేవదు. ముత్యమ్మకు నువ్వే చెప్పుకో, నాకైతే చాతగాదు."

ముత్యమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. ధనలక్ష్మి వచ్చి పక్కన కూర్చుంది.

"అత్తమ్మా, మీద గురుగులు పరిపిద్దమనుకుంటున్న."

"ఎందుకే, కల్లు దుకాణం పెడతవా?"

"ఇల్లు సల్లగుంటదంట. సలాకలు కొయ్యాలె."

ముత్యమ్మ చేయి ఆగింది. "కోస్తే మీది ఇల్లెట్ల లేస్తది?"

"లేవదు అత్తమ్మా."

చంద్రకాంత్ పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఎవరూ అనని మాట అది.

"అది నా కొడుకు జాగ," అంది ముత్యమ్మ.

"లోపల దొర్లుతున్నది గూడ నీ కొడుకే. చిన్నోడు గిట్లనే దొర్లి దొర్లి పోయిండు. పోయి సూడు జెర."

ముత్యమ్మ చాట పక్కకు నెట్టి లోపలికి వెళ్లింది. శ్రీశైలం తడి తువ్వాల ఛాతీ మీద పరుచుకుని, కళ్లు తెరుచుకునే ఉన్నాడు. ఆమె గోడకు అరచెయ్యి ఆనించి తీసుకుంది. బయటికొచ్చి చాలాసేపు గింజలే తీసింది.

"కొయ్యమను," అంది చివరికి. "నేను మాత్రం ఇంట్ల ఉండ. బిడ్డింటికి పోయొస్త."

ఆమె కూతురి ఇంటి నుంచి తిరిగొచ్చేసరికి పని అయిపోయింది. గురుగులు పక్క ఊరి కుమ్మరి ఇచ్చినవి, కాల్పులో పగుళ్లిచ్చి అమ్ముడు పోనివి. బోర్లించడానికి పగులుంటే ఏం? వాటి సందుల్లో ఇటుక ముక్కలు, సున్నం కూరి, నీళ్లు నిలవకుండా వాటం పెట్టి, పైన తెల్లసున్నం పూశారు. గురుగులన్నీ ధనలక్ష్మే పరిచింది. ముత్యమ్మ పైకెక్కి చూడలేదు.

గది మరీ చల్లగా ఏం మారలేదు. పడమటి గోడ ఇంకా కాలుతూనే ఉంది, దానికి తడక కట్టాలి. కానీ మధ్యాహ్నం పైకప్పు నుంచి దిగే సెగ తగ్గింది. కూలరు మూలకు పోయింది.

ఒక సాయంత్రం డ్యూటీకి పోయే బస్సు వేళ దగ్గరపడిందని ధనలక్ష్మి లోపలికి వెళ్లి పిలిచింది. శ్రీశైలం లేవలేదు. భుజం పట్టి కుదపబోయింది.

"ఇంకింత సేపు పండనియ్యి," అంది గుమ్మంలోంచి ముత్యమ్మ. "ఈ బస్సు పోతే ఇంకో బస్సు వస్తది."