బతికున్నట్టు సంతకం

లండన్లో బస్సులు నడిపి రిటైరైన ఆ పెద్దాయన మా నూజివీడొచ్చి ఒంటరిగా ఉండేవాడు. అక్కడి పెన్షను ఆగకూడదంటే ఏడాదికోసారి, మనిషి బతికే ఉన్నాడని ఓ గెజిటెడ్ ఉద్యోగి సంతకం చెయ్యాలి. గవర్నమెంటు కాలేజీ లెక్చరర్ని కాబట్టి ఆ బ్రహ్మాధికారం నాకు దక్కింది.

పెళ్లిచూపులకొచ్చినట్టు గుండీలన్నీ పెట్టుకుని నిటారుగా కూర్చుని, "బాగా చూడండి మాస్టారూ, నేనేగా?" అనేవాడు. నేను చిత్రగుప్తుడి మీద ఆడిటర్నన్నట్టు కళ్లజోడు సర్దుకుని, ఆకుపచ్చ ఇంకుతో గీకేసేవాణ్ణి.

ఆ ఏడాది మామిడి కోతలు మొదలైనప్పుడు ఫారం తెచ్చాడు. కోతలయ్యేసరికి అదే ఫారంతో ఏడోసారి వచ్చాడు.

"ఏడాదికొకటే కదండీ?" అన్నాను.

"అసలుది ఎప్పుడో పంపేశానండీ. ఇవి జిరాక్సులు."

"మరి ఇవెవరికండీ?"

"ఎవరికీ కాదండీ. సంతకం చేసేముందు మీరు ఒకసారి చూస్తారు కదా."

కళ్లజోడు తుడుచుకున్నాను. ఆ రోజు మాత్రం నిజంగానే చూశాను.