కుప్పం కప్పు కోసం వెనక్కి రప్పించిన పిల్ల

2023లో నేను మదనపల్లెలో ఒక ప్రైవేటు హాకీ అకాడమీకి కోచ్‌ని. ఆడపిల్లల జట్టు నాది. మాకు టర్ఫ్ లేదు, ఎర్రమట్టి గ్రౌండే. పొద్దున్నే పిల్లలు రాళ్లు ఏరి, నీళ్లు చల్లి, ఆ తర్వాతే స్టిక్కులు పట్టుకునేవాళ్లు. అకాడమీ నడిపే ట్రస్టుకు చైర్మన్ రెడ్డెప్ప గారు. కుప్పంలో ఆయనకు గ్రానైట్ వ్యాపారం. మంచి మనిషని అందరూ అంటారు. నేనూ చాలాకాలం అన్నాను, ఇప్పుడు అనను.

మా జట్టులో ఎస్తేరు అనే పందొమ్మిదేళ్ల పిల్ల ఉండేది. వాళ్లది పెద్దపంజాణి దగ్గర పల్లె. తల్లి సరోజమ్మ మదనపల్లెలో మిషన్ ఆస్పత్రిలో ఆయా. ఎస్తేరు ఫార్వర్డ్, అంటే గోల్స్ కొట్టే చోటు ఆమెది. బంతి దొరికితే చాలు, గాలిలా దూసుకుపోయేది. ఆ వేగం చూసి నెదర్లాండ్స్‌లో ఒక చిన్న ఊరి క్లబ్బు ఆమెను ఒక సీజన్‌కు లోన్ మీద అడిగింది.

లోన్ అంటే, పిల్ల మా అకాడమీ ప్లేయర్‌గానే ఉంటుంది కానీ ఆ సీజనంతా వాళ్లకు ఆడుతుంది. తిండి, బస, శిక్షణ వాళ్లవి. నేర్చుకున్న ఆట పిల్లది. ఒప్పందంలో రీకాల్ అని ఒక షరతు ఉంటుంది. అవసరమైతే మధ్యలో వెనక్కి పిలిచే హక్కు పంపినవాళ్లకు ఉంటుందన్నమాట. పిల్లకు జబ్బు చేస్తేనో, అక్కడ సరిగా చూసుకోకపోతేనో పనికొస్తుందని పెట్టే షరతు అది.

ఎస్తేరు ఆగస్టులో వెళ్లింది. అక్కడి లీగ్ చలికాలానికి ముందు కొంత, మార్చి నుంచి మిగతాది జరుగుతుంది. మొదటి సగంలో చాలా మ్యాచ్‌లు బెంచీ మీదే కూర్చుంది. తర్వాత అక్కడి కోచ్ ఆమెను డిఫెన్స్‌కు, అంటే వెనక ఉండి అవతలి జట్టును ఆపే చోటుకు, మార్చింది. ఒకరోజు ఫోన్ చేసి, "మేడం, బంతి నా కాడికొస్తే ముందరికి కొట్టేస్తా ఉంటి గదా. ఈడ మొదట తలెత్తి సూడు అంటాండారు. తలెత్తితే గ్రౌండంతా కనిపిస్తాండాది మేడం!" అంది. ఆ మాట విని నాకు కళ్లు చెమర్చాయి. ఎన్నేళ్లు కోచింగ్ ఇచ్చినా పిల్ల నోట ఇలాంటి మాట ఒకటో రెండో వింటాం.

మార్చిలో మొదటి మ్యాచ్ నుంచే ఆమెను ఆడిస్తామని క్లబ్బు చెప్పింది. మిగతా సీజన్ బాగా ఆడితే లోన్ కాకుండా తమ సొంత ప్లేయర్‌గా తీసుకుంటామని కూడా చెప్పింది. సరోజమ్మ ఆస్పత్రిలో కనిపించినవాళ్లందరికీ ఆ మాట చెప్పుకుంది.

ఫిబ్రవరిలో రెడ్డెప్ప గారు నన్ను కుప్పం పిలిపించారు. వాళ్ల నాన్నగారి పేరుతో ఏటా అక్కడ స్మారక కప్పు పోటీలు జరిపిస్తారు. చుట్టుపక్కల నాలుగైదు జట్లు వస్తాయి.

"ఏమ్మా, ఎస్తేరును పిలిపీ. మార్సిలో కప్పుండాది గదా."

నాకు అర్థం కాలేదు. "సార్, అక్కడ అదే నెలలో లీగ్ మొదలవుతుంది."

"ఒక వారమే కదమ్మా. వచ్చి ఆడి, మళ్లా పోతాది. పండక్కి ఆడబిడ్డను పుట్టింటికి పిలుసుకోమా? అత్తగారోళ్లు వద్దంటారా?"

"సార్, కాపురానికి పంపలేదు, ఆటకు పంపినాం. మధ్యలో వస్తే ఈ సీజన్‌లో మళ్లీ పేరు నమోదు చేసుకోరు. వాళ్ల లీగ్ నియమం అది."

"అవన్నీ మాటలమ్మా. మన బిడ్డ మనం పిలిస్తే వాళ్లకేమి? ఫ్లెక్సీలు గూడా కొట్టించేసినా."

అదీ సంగతి. ఫ్లెక్సీలు కొట్టించేశారు! వాటి మీద ఫారిన్ జెర్సీలో ఎస్తేరు, పక్కన చేతులు జోడించిన ఆయన. నేను బతిమాలాను, అరిచాను కూడా. ట్రస్టు నుంచి రీకాల్ వెళ్లిపోయింది. మేం వద్దన్నాక ఆ క్లబ్బు ఆమెను ఆడించడానికి వీల్లేదు.

ఎస్తేరు దిగిన రోజు ఊళ్లో ఇంకో మాట పుట్టింది, ఏదో తప్పు చేసి ఉంటుంది, అందుకే తరిమేశారని. సరోజమ్మ నా ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. "నా బిడ్డ ఏం తప్పు సేసింది మేడం? యాల పిలిపిస్తిరి?" అని అడిగింది. కప్పు కోసమని చెప్పాను. చెప్పాక ఆమె మొహం చూడలేకపోయాను.

కుప్పంలో ఫైనల్ రోజు షామియానా, డప్పులు, కుర్చీలు. ఎస్తేరు డిఫెన్స్‌లో నిలబడింది. తలెత్తి చూసి, బంతిని ఖాళీగా ఉన్న పిల్లకు అందించింది. మా వెనక లైనును ఒక్కరూ దాటలేకపోయారు. కానీ జనానికి కావాల్సింది గోల్. "కొట్టమ్మా, యాల కొట్టవు?" అని అరుపులు. "ఫారిన్ పోయి ఉన్న ఆట గూడా మర్సిపోయినాది" అని నవ్వులు. చైర్మన్ గారూ లేచి నిలబడి ముందుకు పొమ్మని చేతులూపారు. అప్పటిదాకా అంత చక్కటి ఆట ఆ గ్రౌండులో నేను చూడలేదు. దాన్ని చూడటం అక్కడ ఎవరికీ చేతకాలేదు.

మేం గెలిచాం. శాలువాలు, ఉపన్యాసాలు అయ్యాయి. "గోల్ కొట్టకపోయినా మన బిడ్డే" అని మైకులో ఆయన పెద్ద మనసు చాటుకున్నారు. ఎస్తేరు నా ఫోన్ అడిగి తీసుకుని షామియానా వెనక్కి పోయింది. అదే సమయానికి నెదర్లాండ్స్‌లో వాళ్ల క్లబ్బు మ్యాచ్ నడుస్తోంది, ఫోన్‌లో లైవ్ వస్తోంది. తన నంబరు జెర్సీ వేసుకుని వేరే అమ్మాయి ఆడుతోంది.

"బాగానే ఆడతాండాది మేడం" అని ఫోన్ తిరిగిచ్చింది. ఏడ్చి ఉంటే నేను ఓదార్చేదాన్నేమో. ఆ కప్పు తీసి ఆయన కారు అద్దం మీదికి విసరాలనిపించింది. విసరనందుకు ఇప్పటికీ బాధపడుతుంటాను.

క్లబ్బు ఆమెను మళ్లీ పిలవలేదు. మరుసటి ఏడాది పుంగనూరు పిల్ల హరితను ఇంకో దేశపు క్లబ్బు లోన్ మీద అడిగింది. అకాడమీ పిల్లల తల్లిదండ్రులను పిలిచి మీటింగ్ పెట్టారు. రీకాల్ హక్కు ఎప్పటిలాగే ట్రస్టుదే అని రెడ్డెప్ప గారు చెబుతుండగా, ఎవరూ పిలవని సరోజమ్మ వెనక నుంచి లేచింది. ఆస్పత్రి డ్యూటీ చీరలోనే వచ్చింది.

"అప్పా, ఆ మాట ఉంటే సంతకం పెట్టొద్దండి" అంది హరిత నాన్నతో.

"నువ్వెవరమ్మా సెప్పేదానికి?" అన్నారు చైర్మన్.

"పోగొట్టుకున్నదాన్ని సార్. మీ నాయన పేరు నిలబెట్టేదానికి నా బిడ్డే దొరికెనా? మీ కొడుకు బెంగుళూరులో సదువుతాండాడు గదా, పరీచ్చల నడుమ పిలిపిస్తిరా కప్పుకు?"

హరిత నాన్న పెన్ను బల్ల మీద పెట్టేసి లేచాడు. ఆయన వెనకే ఇంకో ఇద్దరు తండ్రులు లేచారు. అవసరమైతే వెనక్కి వచ్చే నిర్ణయం పిల్లది, ఇంటివాళ్లది అని రాస్తే తప్ప లోన్ పత్రం నా చేతుల మీదుగా పోదని నేనూ చెప్పేశాను. రెడ్డెప్ప గారు మూడు రోజులు అలిగి, చివరికి ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఏ అకాడమీ నన్ను లోన్ గురించి సలహా అడిగినా క్లబ్బు పేరు, దేశం పేరు తర్వాత అడుగుతాను. మధ్యలో వెనక్కి పిలిచే అధికారం ఎవరిది అన్నదే నా మొదటి ప్రశ్న.

హరిత వెళ్లాక వచ్చిన మార్చిలో రెడ్డెప్ప గారు ఫోన్ చేశారు. "హరిత రాదామ్మా కప్పుకు?"

"రాదు సార్. ఆడుతోంది."

పక్కనే ఎస్తేరు చిన్నపిల్లలకు డిఫెన్స్ నేర్పుతోంది. నా మాట ఆమెకు వినబడింది. "ఇంకోసారి సెప్పండి మేడం, గట్టిగా" అంది.