ఎనిమిది కే పెళ్లి

ఎమ్మిగనూరులో పెళ్లి వీడియోలు తీసి బతికే నేను, ఒకసారి ఆదోనిలో నిండు హాలు ముందు ఓ పెళ్లికొడుకును తాళి కట్టనివ్వకుండా ఆపేశాను. ఎలాగో చెబుతాను. మీరు నిదానంగా నవ్వుకోండి, నా ఏడుపు అప్పుడే అయిపోయింది.

కారణం ఫోన్లో చూసిన ఓ ప్రకటన. కంప్యూటర్‌లో బిగించే గ్రాఫిక్స్ కార్డు. పెట్టె మీద బంగారు రంగులో '8కే' అని అరచేయంత అక్షరాలు. ఎడమవైపు మసకగా ఒక అమ్మాయి, కుడివైపు కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా అదే అమ్మాయి. నేను ఆ అమ్మాయిని నమ్మాను.

ఆదోనిలో కంప్యూటర్ల దుకాణం నడిపే మహబూబ్ బాషా నా చిన్ననాటి స్నేహితుడు. కార్డు తెప్పించమంటే వద్దని చెప్పి చూశాడు.

"అట్ల కాదప్పా. అంత పెద్ద తెర యాడన్నా ఉంటే దానికి బొమ్మ పంపుతానంటాంది ఆ కార్డు, అంతే. నీ కెమెరా సూడంది అది యాడనుంచి తెచ్చి సూపిస్తాది?"

వాడికి అసూయ అనుకుని, పట్టుబట్టి కార్డు తెప్పించుకున్నాను. అంతటితో ఆగినా బాగుండేది. పత్తి వ్యాపారం చేసే ఓ శెట్టిగారి కొడుకు పెళ్లి ఒప్పుకుంటూ, పొద్దుటి ముహూర్తాన్ని సాయంత్రం రిసెప్షన్లో పెద్ద తెర మీద 8కేలో చూపిస్తానని మాటిచ్చాను. 'ఆదోనిలో మొదటిసారి' అని ఫ్లెక్సీ కూడా కట్టించాను. అందులో పెళ్లికూతురి కన్నా నేనే పెద్దగా ఉన్నాను.

ముహూర్తం కాగానే, నా మామూలు కెమెరా తీసిన వీడియోను కంప్యూటర్ చేత 8కే సైజుకు సాగదీయించాను. జొన్నపిండి ముద్దను ఎంత వెడల్పుగా తట్టినా రొట్టె పలచబడుతుందే గానీ పిండి పెరగదు. మా ఇంట్లో ఆడవాళ్లందరికీ తెలిసిన ఈ సంగతి నాకు తెలియలేదు.

సాయంత్రం తెర మీద పెళ్లికొడుకు తాళి పట్టుకుని ముందుకు వంగాడు. అక్కడే ఆగాడు. ఆ ఫైలు బరువు మోయలేక నా కంప్యూటర్ రొప్పుతోంది. శబ్దం మాత్రం ఆగలేదు. గట్టిమేళం మోగింది, అక్షింతల సందడి వినిపించింది, ఎవరో ఎవరినో భోజనానికి పిలిచారు కూడా. తాళి ఇంకా గాలిలోనే ఉంది. వేదిక మీద అసలు పెళ్లికొడుకు చెమట తుడుచుకుంటున్నాడు.

ముందు వరుసలో ఉన్న శెట్టిగారి తల్లి, ముసలి అవ్వ, నా వైపు తిరిగి అడిగింది. "ఏమప్పా, మావాడు తాళి కడతాండాడా, ఆలోచన జేస్తాండాడా?"

హాలంతా పగలబడి నవ్వింది. శెట్టిగారు నవ్వలేదు. ఇంకాసేపు ఇట్లే ఉంటే వియ్యంకుడు లేచి వెళ్లిపోతాడని నా చెవిలో చెప్పారు. కనబడిన మీటల్లా నొక్కాను, తాళి కదల్లేదు.

విందుకొచ్చిన బాషా మెల్లగా లేచొచ్చి, నన్ను పక్కకు జరిపి, సాగదీయని అసలు వీడియో వెతికి నొక్కాడు. తాళి పడింది. చప్పట్లు మోగాయి.

"సూసినావా బావా, ఎనిమిది కే అంటే ఇదీ" అన్నారు శెట్టిగారు వియ్యంకుడితో గర్వంగా. కాదని చెప్పబోయాను. బాషా నా కాలు తొక్కాడు.

భోజనాలకు లేస్తూ అవ్వ నన్ను పిలిచింది. తిట్లకు సిద్ధపడి తల వంచుకున్నాను.

"నాయనా, ముందు ఏసినావే, ఆ నిలబడిందే మళ్లా ఏయి. ఇది బిరీన పోతాంది. దాంట్లో అయితే ఎవురెవురు వచ్చినారో తీరిగ్గా సూసుకుంటి."

అక్కడే, అవ్వ కాళ్లకు దణ్ణం పెట్టి, మనసులో ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో మళ్లీ ఎవరి పెళ్లినీ సాగదీయను. బాషా వద్దన్న వస్తువేదైనా, వాడు చెప్పేది చివరిదాకా విని, ఆ తర్వాతే వాడికి అసూయ అనుకుంటాను.