ఏ మిషిన్ బిడ్డా?

మా తెలుగు సారు పోయారు. ఆదివారం పొద్దున మొయినాబాద్ చౌరస్తాలో బంతిపూలు బేరమాడుతుంటే పూలమ్మే ఆమె చెప్పింది, "మీ సారు నిన్న పోయిండట, నీకు ఎర్కలేదా?" అని. నాకు తెలియదు. మా వెనక వీధిలోనే ఆయన ఇల్లు, అయినా తెలియలేదు.

ఆయన చేవెళ్ల హైస్కూల్లో మాకు తెలుగు చెప్పారు. మా వ్యాసాల్లో 'అది' అనే మాట కనిపిస్తే చాలు, ఎర్ర ఇంకుతో సున్నా చుట్టేవారు. "అది అంటే ఏది? చదివేటోని పక్కన నువ్వు కూసుంటవా చెప్పనీకె?" అనేవారు. మేం ముసిముసిగా నవ్వుకునేవాళ్లం.

ఐటీ కంపెనీలు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజుల్లో నాకు గచ్చిబౌలిలో ఉద్యోగం దొరికింది. కంప్యూటర్‌ను లోపలి నుంచి నడిపించే అసలు ప్రోగ్రాంను కెర్నెల్ అంటారు. అది మొరాయిస్తే (ఈ 'అది'కీ సారు సున్నా చుట్టేవారు) తప్పెక్కడుందో వెతికే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది. దాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకంలో తప్పులు దిద్ది, అర్థమయ్యేలా తిరగరాయడం నా పని.

అందులో ఒక పేజీ మీద ఎప్పుడూ ఫిర్యాదులే. పదిసార్లు చదివినా నాకు తప్పు దొరకలేదు. విసుగొచ్చి ఆ కాగితం పట్టుకుని సారు దగ్గరికి వెళ్లాను.

"గీ ఇంగ్లీషు నాతోని కాదు. తెలుగుల చెప్పు" అన్నారు.

"ఒక మిషిన్ ఆగిపోయింది సార్. దాన్ని పరీక్ష చేసే ఇంకో మిషిన్‌కు వైరుతోని కలపాలె. తర్వాత మిషిన్‌ను రీస్టార్ట్ చెయ్యాలె."

"ఏ మిషిన్ బిడ్డా?"

కాగితం మళ్లీ చూశాను. రీస్టార్ట్ చేయాల్సింది పరీక్షించేదాన్ని. పొరపాటున ఆగిపోయినదాన్ని చేస్తే, ఎందుకు ఆగిందో చెప్పే ఆనవాళ్లన్నీ చెరిగిపోతాయి. ఆ సంగతి రాసినవాళ్లకు తెలుసు. పేజీలో మాత్రం లేదు.

"డాక్టరెవరో రోగెవరో చెప్పకుంట సూదియ్యమంటే ఎట్ల?" అని ఆయన పడీపడీ నవ్వారు.

ఆ తర్వాత చాలా ఆదివారాలు పుస్తకమంతా ఆయనకు తెలుగులో చెప్పాను. రిటైరైనా జేబులో సుద్దముక్క ఉండేది. ఇంట్లో పరిచిన షాబాద్ బండల మీద రెండు డబ్బాలు గీసి, ఏ పని ఏ డబ్బాలో జరుగుతుందో నాతో చెప్పించేవారు. "గీసుడు ఆయనది, తుడ్సుడు నాది" అని సారు భార్య సణిగేది. మాకందరికీ ఆమె అమ్మే. చెప్పలేక నేను తడబడిన ప్రతిచోటా పుస్తకంలో తప్పు దొరికింది.

కొత్త ప్రతిని ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. సాయం చేసినవాళ్ల పేర్లు మొదటి పేజీలో వేస్తామని, ఇంకెవరైనా ఉన్నారా అని మేనేజర్ అడిగాడు. కంప్యూటర్ ముట్టని తెలుగు సారు దిద్దారని చెప్పడానికి నామోషీ అనిపించింది. ఎవరూ లేరన్నాను.

ఆ ఆదివారం సారు నవ్వుతూ, "నా పేరు గిట్ట ఏసిండ్రా ఏంది?" అన్నారు.

"ఏసిండ్రు సార్."

ఆయన ముఖం వెలిగిపోయింది. చూపించమని అడగలేదు. వచ్చే ప్రతిలో ఎలాగైనా వేయిద్దామనుకున్నాను. ఆ ప్రతి వచ్చింది, ఇంకోటీ వచ్చింది, నేను కంపెనీ మారాను. ఆయన ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. ముఖం చెల్లక నేనే ఆదివారాలు తగ్గించుకున్నాను. ఒక్కసారి నిజం చెప్పి ఉంటే నవ్వేసేవారేమో. ఇప్పుడు ఎవరికి చెప్పను?

పదకొండో రోజు వెళ్లాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"కంప్యూటర్ బుక్కుల నా పేరు పడ్డదని వచ్చినోళ్లందరికి చెప్పుకునేటోడు బిడ్డా. ఆ కాయితం జర తెచ్చియ్యి, ఫోటో పక్కన పెడ్త."

గూట్లో ఫోటో ముందున్న దీపాన్ని పక్కకు జరిపింది. కొంగుతో అక్కడ శుభ్రంగా తుడిచి, "గింత జాగ సాల్తదా?" అని నా వైపు చూసింది.

తలూపాను.